పాత లీవరు రైఫిల్‌లో తూటా ఇరుక్కుంటోందా? ముందు గొట్టం మీది అక్షరాలు చదవండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తాతల కాలం నుంచి ఇంట్లో ఉన్న వించెస్టర్ లీవరు రైఫిల్ (ట్రిగ్గరు దగ్గరి లీవరును కిందికీ పైకీ ఆడిస్తే తర్వాతి తూటా ఎక్కే తుపాకి) మరమ్మతుకు వచ్చినప్పుడల్లా యజమాని చెప్పే మాట ఒకటే: మేగజైన్ (తూటాలు నిలవుండే గొట్టం) స్ప్రింగు పోయింది, మార్చండి. విప్పి చూస్తే స్ప్రింగు నిక్షేపంగా ఉంటుంది, తూటాయే వేరే తుపాకిదై ఉంటుంది.

లక్షణాలు ఇలా ఉంటాయి. పక్క గేటులోంచి రెండు మూడు తూటాలు ఎక్కించి లీవరు ఆడిస్తే అది సగంలో బిగుసుకుపోతుంది. ఒక్క తూటాను చేత్తో ఛాంబరులో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే అరలో పెడితే సులువుగానే దిగుతుంది, పేలుతుంది కూడా, కానీ ఖాళీ గుల్ల బయటికి రాదు. ఎలాగో తీసి చూస్తే అది అడుగు వైపు ఉబ్బి, పక్కన నిలువుగా చీలి ఉంటుంది. ఇలా కనిపించిన వెంటనే కాల్చడం ఆపాలి, ఎందుకంటే ఆ చీలికలోంచి వేడి వాయువు కాల్చేవాడి ముఖం వైపే తన్నుకొస్తుంది.

కారణం చాలాసార్లు లైసెన్సు పుస్తకంలోనే ఉంటుంది. అందులో ‘.32 రైఫిల్’ అని మాత్రమే రాసి ఉంటుంది. దుకాణదారు తన దగ్గరున్న .32 తూటాలు ఇస్తాడు. అవి మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు రివాల్వరు కోసం చేసే .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటాలు. రైఫిల్ గొట్టం మీద, రిసీవరుకు (లీవరు, లోపలి భాగాలు అమర్చిన లోహపు పెట్టెకు) దగ్గరగా, ‘32 డబ్ల్యూ.సి.ఎఫ్.’ (వించెస్టర్ సెంటర్ ఫైర్) అని చెక్కి ఉంటే అది అడిగేది 1882లో వచ్చిన .32-20 తూటాను. వించెస్టర్ 1873 నమూనాలో తూటాను పైకెత్తే దిమ్మ అడుగున కూడా 32 అని ఉంటుంది. తుప్పులో అక్షరాలు పూడిపోయి ఉంటే నూనె గుడ్డతో మెల్లగా తుడవండి, ఉప్పుకాగితంతో మాత్రం రుద్దకండి.

ఈ రెండు తూటాల్లో గుండు లావు దాదాపు ఒకటే, మోసం అక్కడే ఉంది. .32-20 గుల్ల అడుగున సుమారు 9 మి.మీ. లావుంటే రివాల్వరు గుల్ల 8.6 మి.మీ. మాత్రమే. ఛాంబరులో మిగిలే ఆ 0.4 మి.మీ. సందులోకే ఇత్తడి ఉబ్బి చీలుతుంది. అంచు 10.3 మి.మీ.కు బదులు 9.5 మి.మీ. ఉండటం వల్ల గుల్లను లాగే కొక్కెం జారిపోతుంది. ఇక పొడవు 40.4 మి.మీ. ఉండవలసిన చోట 32.5 మి.మీ. మాత్రమే ఉంటుంది. అందుచేత 1873 నమూనాలో పొట్టి తూటా దిమ్మలో పడ్డాక ముందు భాగంలో దాదాపు 8 మి.మీ. ఖాళీ మిగిలి, మేగజైన్ గొట్టంలోని తర్వాతి తూటా అడుగు అందులోకి చొరబడి దిమ్మను పైకి లేవనివ్వదు. బిగుసుకున్న లీవరును బలంగా లాగేవారు ఎక్కువ. దానితో ఛాంబరును వెనక నుంచి మూసి ఉంచే లంకెలు బాగున్నవి కూడా వంగుతాయి.

తూటా పెట్టెను చూసి నమ్మకుండా వెర్నియర్ కాలిపర్‌తో అడుగు, అంచు, పొడవు కొలవండి. గొట్టం మీద అక్షరాలే లేకపోతే లైసెన్సున్న మెకానిక్ చేత ఛాంబరు అచ్చు తీయించండి. సెర్రోసేఫ్ అనే, తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహంతో పోసిన అచ్చు మొదట కుంచించుకుని, సుమారు గంటకు అసలు కొలతకు వస్తుంది కాబట్టి అప్పుడే కొలవాలి. తర్వాత ఆ కొలతలతో కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టి పుస్తకంలోని వివరం సరిచేయించుకోవడం మంచిది.

మన ఫ్యాక్టరీలు .32-20 చేయవు. అవి రైఫిళ్ల కోసం చేసే .315 తూటాకూ దీనికీ సంబంధం లేదు. పాత సరుకున్న లైసెన్సు దుకాణాలను పూర్తి పేరు రాసిచ్చి అడగవలసిందే. దొరికినా, 1892 నమూనా కోసం చేసిన హై వెలాసిటీ తూటాలను 1873లో కాల్చకూడదు, దాని లంకెలు అంత ఒత్తిడికి ఆగవు. దొరకకపోతే తుపాకిని కాల్చకుండా ఉంచండి. లైసెన్సు లేకుండా తూటాలు చేయించడం, ఛాంబరు మార్పించడం ఆయుధ చట్టం సెక్షన్ 5కు విరుద్ధం.

సరైన తూటా కూడా ఇరుక్కుంటే తోలు బెల్టులో ఉంచిన తూటాలకు పట్టే పచ్చటి చిలుమును అనుమానించండి. కావలి వైపు ఉప్పు గాలిలో అది ఇంకా తొందరగా పడుతుంది. చిలుము ఇత్తడిని తిన్నచోట గుంట పడితే ఆ తూటాను పక్కన పెట్టాలి. కొక్కెం విరగడం, స్ప్రింగు నిజంగానే చావడం అరుదు. అవి మెకానిక్ చూసుకుంటాడు.