కాలిఫోర్నియాలో హైస్కూలు విద్యార్థులు పోలింగ్ సిబ్బందిగా చేరడం ఎలా?

అమెరికాలో ఎన్నికల నిర్వహణ ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. కాలిఫోర్నియాలో ఓటింగ్ యంత్రాలకు ఆమోదం తెలపడం, రాష్ట్రవ్యాప్త ఓటర్ల జాబితాను చూసుకోవడం, తుది ఫలితాలను ధ్రువీకరించడం సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్ర స్థాయిలో ఎన్నికలను చూసే అధికారి) విధులు. పోలింగ్ సిబ్బందిని ఎంపిక చేసి శిక్షణ ఇచ్చేవి మాత్రం 58 కౌంటీల ఎన్నికల కార్యాలయాలు. అందువల్ల మీరు దరఖాస్తు పంపవలసింది మీ కౌంటీ కార్యాలయానికే.

విద్యార్థికి పోలింగ్ నాటికి 16 ఏళ్లు నిండి ఉండాలి; కనీసం 2.5 జీపీఏ (గ్రేడుల సగటు)తో పాటు తల్లిదండ్రుల అంగీకారం, పాఠశాల అనుమతి ఉండాలి. పౌరులు కాని గ్రీన్‌కార్డుదారులూ అర్హులే గాని, హెచ్-4 వీసాపై (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) ఉన్న పిల్లలకు ఈ అవకాశం లేదు. ఇక్కడ మన కుటుంబాలు ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. 16 ఏళ్లకే చేసుకోగల ముందస్తు ఓటరు నమోదు పౌరులకు మాత్రమే పరిమితం కనుక, గ్రీన్‌కార్డు ఉన్న విద్యార్థి ఉత్సాహం కొద్దీ ఆ ఫారం నింపితే రేపు పౌరసత్వ దరఖాస్తు సమయంలో అది తీవ్రమైన చిక్కు తెచ్చిపెట్టగలదు. పోలింగ్ విధులకు పెట్టే దరఖాస్తు వేరు, ఓటరు నమోదు వేరు.

బడి పోతుందని వెనుకాడనక్కరలేదు. ఈ విధుల కోసం తీసుకున్న సెలవును రాష్ట్ర విద్యాచట్టం సమ్మతమైన గైర్హాజరుగానే పరిగణిస్తుంది.

పోలింగ్ రోజున ఓటింగ్ ఉదయం 7 గంటలకు మొదలై రాత్రి 8 గంటలకు ముగుస్తుంది. ఆ సమయానికి వరుసలో నిలబడి ఉన్న ప్రతి ఒక్కరికీ ఓటు వేసే హక్కు ఉంటుంది. విద్యార్థులు పెద్దల పర్యవేక్షణలో ఓటర్లకు దారి చూపడం, జాబితాలో పేర్లు సరిచూడడం వంటి పనులు చేస్తారు. ఓట్ల లెక్కింపులో మాత్రం పాల్గొనకూడదు. జాబితాలో పేరు కనిపించని ఓటరును తిప్పి పంపకుండా, తాత్కాలిక బ్యాలెట్ ఇచ్చి, దాని కవరుపై వివరాలు, సంతకం తీసుకోవాలి. అర్హత తేలిన తరువాతే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది.

శాంటాక్లారా కౌంటీలో తెలుగు నమూనా బ్యాలెట్ ఉంది. దానిపై ఓటు వేయకూడదు. పక్కన పెట్టుకుని చదువుకుంటూ అసలు బ్యాలెట్‌పై గుర్తు పెట్టాలి. కొత్తగా పౌరసత్వం పొందిన ఒక పెద్దావిడకు ఈ తేడాను మర్యాదగా, ఎవరికి వేయాలో సూచించకుండా, తెలుగులో వివరించగల విద్యార్థి అక్కడ ఎంతో అవసరం. అందుకే దరఖాస్తులో భాషల గురించి అడిగిన చోట తెలుగు చదవడం, మాట్లాడడం వచ్చునని తప్పక రాయండి.