లీజు ముగుస్తోంది: అదే కంపెనీలో ఉండాలా, వేరే కంపెనీ కారుకు మారాలా? ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలో మూడేళ్ల లీజు మీద కారు నడిపేవాళ్లకు చివరి ఆరు నెలల్లో డీలర్ల నుంచి ఫోన్లు, మెయిళ్లు మొదలవుతాయి. ఉన్న కంపెనీ వాళ్లు కొత్త మోడల్ చూపిస్తారు, పక్క కంపెనీ వాళ్లు నెలకు యాభై డాలర్లు తక్కువంటారు. చాలామంది లీజు తేదీ రెండు వారాల్లో ఉండగా షోరూముకు వెళ్లి, అక్కడ కూర్చునే నిర్ణయం తీసేసుకుంటారు. అప్పటికి బేరమాడే వ్యవధి ఉండదు, ఇన్‌స్పెక్షన్‌లో బయటపడినవి సరిచేయించుకునే వీలూ ఉండదు. కంపెనీ మారడం మంచిదా కాదా అన్నది అభిరుచి ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, అందులో ముప్పాతిక భాగం లెక్కే. ఆ లెక్క ఐదు నెలల ముందు మొదలుపెడితే తీరిగ్గా తేలుతుంది.

1. కాంట్రాక్టు తీసి ఆరు అంకెలు రాసుకోండి

లీజు ముగిసే తేదీ. అనుమతించిన మొత్తం మైళ్లు. దాటితే మైలుకు ఎంత. రెసిడ్యువల్, అంటే చివర్లో ఆ కారును కొనుక్కోవాలంటే కాంట్రాక్టులో ముందే రాసిన ధర. కొనుక్కుంటే పడే ఫీజు. వెనక్కిస్తే పడే డిస్పోజిషన్ ఫీ. ఈ చివరిది ఎక్కువగా 300 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటుంది, లగ్జరీ కంపెనీల్లో ఇంకా ఎక్కువ. మళ్లీ అదే కంపెనీ కారు తీసుకుంటే చాలా కంపెనీలు దీన్ని మాఫీ చేస్తాయి. కాబట్టి మారేవాళ్ల ఖర్చులో మొదటి పద్దు ఇదే.

మైళ్ల లెక్క ఇప్పుడే వేయండి. ఏడాదికి 12,000 చొప్పున మూడేళ్లకు 36,000 మైళ్లు అనుకుందాం. ఐదు నెలల ముందే ఓడోమీటరు 35,500 చూపిస్తూ, నెలకు 1,100 మైళ్లు తిరుగుతుంటే ముగింపు నాటికి 41,000 అవుతుంది. దాటిన 5,000 మైళ్లకు మైలుకు 20 సెంట్లు వేసుకుంటే 1,000 డాలర్లు. కారును మీరే కొనుక్కుంటే ఈ బిల్లు ఉండదు. వెనక్కిస్తే ఉంటుంది, మీరు ఏ కంపెనీకి మారినా, మారకపోయినా.

2. మీ కారుకు బజారులో ఎంత పలుకుతుందో తెలుసుకోండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది, డబ్బు ఎక్కువగా పోయేదీ ఇక్కడే. పాత కార్లు కొనే కార్‌మ్యాక్స్, కార్వానా లాంటి చోట్ల ఆన్‌లైన్‌లో వివరాలిస్తే కొన్ని నిమిషాల్లో ధర చెబుతారు. కార్‌మ్యాక్స్ చెప్పిన ధర 7 రోజులు చెల్లుతుంది. తర్వాత మీ లీజు ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేసి రెండు అంకెలు అడగండి: నేను కొంటే ఈ రోజు ఎంత, డీలరు కొంటే ఎంత. ఈ రెండూ ఒకటే కావాలని లేదు.

బజారు ధర 21,500, మీ బయ్ అవుట్, అంటే మీరు కొంటే కట్టాల్సిన మొత్తం, 19,800 అయితే కారులో 1,700 డాలర్లు మీవి ఉన్నట్టు. తాళాలు అలాగే ఇచ్చి వచ్చేస్తే ఆ డబ్బు కంపెనీకి పోతుంది. బజారు ధర రెసిడ్యువల్ కన్నా బాగా తక్కువైతే ఆలోచించే పని లేదు. వెనక్కిచ్చేయండి, నష్టం వాళ్లది.

మిగులు ఉన్నప్పుడు మాత్రం ఒక మెలిక ఉంది. హోండా, జీఎం ఫైనాన్స్ విభాగాలతో సహా చాలా కంపెనీలు 2021 నుంచి వేరే బ్రాండు డీలర్లు, కార్‌మ్యాక్స్ లాంటివాళ్లు నేరుగా లీజు కారును కొనకుండా ఆంక్షలు పెట్టాయి. టెస్లా అయితే చాలా ఏళ్లపాటు మోడల్ 3, మోడల్ వై లీజుదారులకు కొనుక్కునే వీలే ఇవ్వలేదు. అలా ఆంక్ష ఉన్నప్పుడు మీకు మిగిలేవి రెండే దారులు. అదే బ్రాండు డీలరుకు అమ్మడం ఒకటి, మీరు కొని, టైటిల్ (యాజమాన్య పత్రం) వచ్చాక అమ్మడం మరొకటి. రెండో దారిలో సేల్స్ టాక్స్ పడుతుంది. టెక్సాస్‌లో 6.25 శాతం. 19,800 మీద అది 1,237 డాలర్లు పైచిలుకు. 1,700 మిగులు కాస్తా 460కి దిగిపోతుంది, ఆపైన టైటిల్ ఖర్చులు, రెండు మూడు వారాల తిప్పట. ఇలాంటప్పుడు అదే బ్రాండులో ఇంకో డీలరు 1,200 మిగులు ఇస్తానన్నా అది మెరుగైన బేరం. ఆ డీలరు దగ్గర కొత్త కారు తీసుకోవాలన్న నియమం ఏమీ లేదు. చెక్కు తీసుకుని బయటికి రావచ్చు.

3. మారాలనిపించడానికి అసలు కారణం ఏదో విడదీయండి

కారు నచ్చకపోవడం వేరు, కంపెనీ నచ్చకపోవడం వేరు, డీలరు నచ్చకపోవడం వేరు. సర్వీసులో విసిగిపోయి కంపెనీ మారేవాళ్లు చాలామంది. అదే కంపెనీకి ఇరవై మైళ్లలో ఇంకో డీలరు ఉంటే, మారాల్సింది కంపెనీ కాదు, సర్వీసు సెంటరు.

అవసరం మారిందా అని కూడా చూడండి. ఇండియా నుంచి అమ్మానాన్న ఆరు నెలలు వచ్చి ఉంటారు, ఇద్దరు పిల్లలకు కారు సీట్లు బిగించాక వెనక పెద్దవాళ్లకు చోటు ఉండదు. ఇలాంటి ఇంటికి మూడో వరుస కావాలి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఎక్కగలిగే ఎత్తులో ఉండాలి. ఎత్తైన ఎస్‌యూవీ కన్నా జారే తలుపుల సియెన్నా, ఒడిస్సీ, కార్నివాల్ లాంటి మినీవ్యాన్ ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. మినీవ్యాన్ అంటే ముఖం చిట్లించేవాళ్లు ఒక్కసారి పెద్దవాళ్లను ఎక్కించి దించి చూడాలి. మీ కంపెనీలో మినీవ్యాన్ లేకపోతే మారక తప్పదు, అప్పుడు మిగతా లెక్కలు చిన్నవే.

వారంటీని మైళ్లతో కలిపి చూడండి. టయోటా, హోండా మామూలు వారంటీ 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు. ఏడాదికి 15,000 తిరిగేవాళ్లకు అది రెండున్నరేళ్లలోపే అయిపోతుంది, చివరి నెలల్లో స్క్రీనో ఏసీయో పాడైతే ఖర్చు మీది. హ్యుందాయ్, కియాలో 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడీ, లెక్సస్‌లో 4 ఏళ్లు లేదా 50,000. ఎక్కువ తిరిగేవాళ్లకు నెల వాయిదాలో పది డాలర్ల తేడా కన్నా ఇది పెద్ద విషయం.

ఎలక్ట్రిక్ కారు లీజు ముగుస్తున్నవాళ్లకు ఒక మాట. 2023, 2024లో ఆ లీజులు చవగ్గా రావడానికి పెద్ద కారణం 7,500 డాలర్ల ఫెడరల్ క్రెడిట్. ఫైనాన్స్ కంపెనీ దాన్ని తీసుకుని ధరలో తగ్గించేది. 2025 సెప్టెంబరు 30తో అది ముగిసింది. అదే కారుకు ఇప్పుడు ఎక్కువ వాయిదా చెబితే డీలరు మోసం చేస్తున్నాడని కాదు. పాత వాయిదాను కొలబద్దగా పెట్టుకోకండి. కంపెనీ మారితే ఛార్జింగ్ పోర్టు మారుతుందా, ఇంట్లో బిగించిన ఛార్జరుకు అడాప్టరు కావాలా అన్నది కూడా ముందే చూసుకోండి.

4. ఉన్నందుకు ఎంత, వచ్చినందుకు ఎంత?

ఉన్న కంపెనీ ఇచ్చేది లాయల్టీ క్యాష్. పక్క కంపెనీ మిమ్మల్ని లాక్కోవడానికి ఇచ్చేది కాంక్వెస్ట్ క్యాష్. రెండూ ప్రాంతాన్ని బట్టి, నెలను బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి. ఎక్కువగా 500 నుంచి 1,500 డాలర్ల మధ్య ఉంటాయి. కాంక్వెస్ట్‌కు సాధారణంగా పోటీ కంపెనీ కారు మీ పేరున రిజిస్టరై ఉంటే చాలు, దాన్ని ఆ డీలరుకు అప్పగించనక్కర్లేదు. అందుకే పాత కారు వెనక్కివ్వకముందే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాల కాపీలు తీసి పెట్టుకోవాలి. ఇచ్చేశాక అడిగితే కొన్నిచోట్ల వర్తించదు.

ఉన్న కంపెనీని ఇంకో రెండు విషయాలు అడగండి. పుల్ ఎహెడ్ ఉందా, అంటే చివరి కొన్ని వాయిదాలు మాఫీ చేసి ముందే కొత్త కారు ఇస్తారా? గీతలు, అరుగుదల బిల్లులో కొంత మాఫీ ఉందా? మీ వాయిదా 400 అయితే మూడు వాయిదాల మాఫీ 1,200 డాలర్లు. అది నిజంగా కంపెనీ మాఫీయేనా, కొత్త లీజులో కలిపేస్తున్నారా అన్నది కాగితం మీద చూడండి. "మీ మిగిలిన వాయిదాలు మేమే కట్టేస్తాం" అనే వేరే కంపెనీ డీలరు ఆ మొత్తాన్ని దాదాపు ఎప్పుడూ కొత్త కారు ధరలోనే కలుపుతాడు. దానికి వడ్డీ కూడా మీరే కడతారు.

5. రెండు కోట్‌లనూ ఒకే మూసలో పోయండి

ప్రకటనలో కనిపించే నెల వాయిదాను పోల్చకండి. ఒకే కాలం, ఒకే మైళ్లు, టాక్స్ కలిపి, రాతపూర్వకంగా అడగండి. న్యూజెర్సీలో లీజు టాక్స్ మొదట్లోనే లెక్కగడతారు, కాలిఫోర్నియాలో నెల నెలా వాయిదా మీద పడుతుంది. కోట్‌లో అది ఉందో లేదో చూడకపోతే పోలిక తప్పుతుంది.

ఒక ఉదాహరణ. ఉన్న కంపెనీ: సంతకం రోజున మొదటి వాయిదాతో కలిపి 1,500, తర్వాత 415 చొప్పున 35 వాయిదాలు. మొత్తం 16,025. పక్క కంపెనీ: సంతకం రోజున 3,999, తర్వాత 359 చొప్పున 35. మొత్తం 16,564. దానికి పాత కారు డిస్పోజిషన్ ఫీ 350 కలిపితే 16,914. ముప్పై ఆరుతో భాగిస్తే మొదటిది నెలకు 445, రెండోది 470. ప్రకటనలో 56 డాలర్లు తక్కువగా కనిపించిన కారు నిజానికి నెలకు 25 డాలర్లు ఎక్కువ. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి రెండు కార్లకూ ప్రీమియం అడగండి. అక్కడ తేడా ఉంటే అదీ కలపండి.

మనీ ఫ్యాక్టర్, అంటే లీజు వడ్డీని చెప్పే చిన్న దశాంశ సంఖ్య, తప్పకుండా అడగండి. దాన్ని 2,400తో గుణిస్తే వడ్డీ శాతం వస్తుంది. 0.00170 అంటే 4.08 శాతం, 0.00210 అంటే 5.04. కొత్త కారు ఒప్పుకున్న ధర 34,000, రెసిడ్యువల్ 20,000 అయితే, రెండూ కూడి ఫ్యాక్టర్‌తో గుణిస్తే నెల వడ్డీ. మొదటి దానికి 91.80, రెండో దానికి 113.40. మూడేళ్లలో తేడా దాదాపు 778 డాలర్లు. చాలా ఫైనాన్స్ కంపెనీలు డీలరుకు దీన్ని కొంత పెంచుకునే వీలిస్తాయి కాబట్టి, "పెంచకముందు రేటు ఎంత?" అని సూటిగా అడగాలి.

అమెరికా వచ్చిన కొత్తలో క్రెడిట్ చరిత్ర లేక, ఎక్కువ రేటుకు, పెద్ద డౌన్ పేమెంట్‌తో మొదటి లీజు తీసుకున్నవాళ్లకు ఇక్కడ మంచి అవకాశం. మూడేళ్లు సరిగ్గా కట్టాక స్కోరు పెరిగి ఉంటుంది, అప్పుడు కాదన్న కంపెనీలు కూడా మంచి రేటు ఇవ్వవచ్చు. కార్ల కోసం చేసే క్రెడిట్ విచారణలన్నీ 14 రోజుల్లోపు ముగించండి, స్కోరులో ఒకటిగానే లెక్కిస్తారు.

లీజుకు పెద్ద డౌన్ పేమెంట్ మాత్రం కట్టకండి. మొదటి నెలలోనే కారు ప్రమాదంలో పూర్తిగా పోతే గ్యాప్ కవరేజీ (ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ బాకీకీ మధ్య తేడాను భర్తీ చేసేది) ఫైనాన్స్ కంపెనీ బాకీ తీరుస్తుంది గానీ, మీరు ముందు కట్టిన డబ్బు తిరిగి రాదు.

6. కొత్త బ్రాండును మీ దారిలో నడిపి చూడండి

డీలరు చూపించే పది నిమిషాల చుట్టు చాలదు. మీ ఆఫీసు దారిలో, హైవే మీద, చీకటి పడ్డాక నడపండి. పిల్లల సీట్లు తీసుకెళ్లి బిగించండి. ఏసీ, వైపర్లు చూపు తిప్పకుండా అందుతున్నాయా, కారును గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్ మీ చేతికి అడ్డం వస్తోందా చూడండి. ఒక బ్రాండుకు అలవాటైన చేతికి ఇంకో బ్రాండు బ్రేకు, స్క్రీను కుదరడానికి సమయం పడుతుంది, కొందరికి కుదరనే కుదరదు. ఇంట్లో ఇద్దరు నడిపేట్టయితే ఇద్దరూ నడపాలి. గ్యారేజీ పొడవు కొలవడం మరిచిపోకండి.

7. మారితే, పాత కారు శుభ్రంగా అప్పగించండి

అదే కంపెనీలో ఉంటే డీలరు కొంత చూసీచూడనట్టు పోవచ్చు. వెళ్లిపోయేవాళ్లకు ఆ మొహమాటం ఉండదు, బిల్లు మొత్తం వస్తుంది. ముగింపుకు 60 నుంచి 90 రోజుల ముందు ఉచిత ఇన్‌స్పెక్షన్ అడగండి. క్రెడిట్ కార్డు కింద దాగే చిన్న సొట్టలను చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు, అంతకన్నా పెద్దవాటిని తీసుకుంటాయి. రంగు పోని సొట్టను బయట తీయించడం కంపెనీ వేసే బిల్లు కన్నా చాలాసార్లు చవక. టైర్లు ఎక్కువగా కనీసం 4/32 అంగుళాల గాడి ఉండాలంటారు. క్వార్టర్ (25 సెంట్ల) నాణేన్ని తలకిందులుగా గాడిలో పెడితే దాని మీది వాషింగ్టన్ తల పైభాగం కొంచెమైనా మునగాలి. రెండో తాళం పోగొట్టుకుంటే కొన్ని వందల డాలర్లు.

మన ఇళ్లలో ఎదురయ్యేది ఇంకొకటి ఉంది. డ్యాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడు, పూజ రోజున బానెట్ మీద పెట్టిన కుంకుమ స్వస్తిక్. జిగురును గీకితే డ్యాష్‌బోర్డు చీరుకుపోతుంది. హెయిర్ డ్రయరుతో మెల్లగా వేడి చేసి, కింద డెంటల్ ఫ్లాస్ దారం పోనిచ్చి కోసినట్టు లాగితే విగ్రహం ఊడి వస్తుంది. కుంకుమ మరక ఎండకు పెయింటులో ఇంకి ఉంటే డిటెయిలింగ్ వాళ్లకు చూపించండి, ఇంట్లో రుద్దకండి.

కారును ఆ బ్రాండు డీలరు దగ్గరే అప్పగించండి. కొత్త కంపెనీ డీలరు "ఇక్కడే వదిలేయండి, మేం చూసుకుంటాం" అంటే ఒప్పుకోకండి. అధికారికంగా వెనక్కి చేరేదాకా బాధ్యత మీ పేరునే ఉంటుంది. ఓడోమీటరు స్టేట్‌మెంట్ మీద సంతకం, అప్పగించినట్టు రసీదు తీసుకోండి. నాలుగు వైపులా, లోపల, ఓడోమీటరు ఫొటోలు అక్కడే తీయండి. టోల్ ట్యాగ్ ఊడదీసి, టోల్ ఖాతాలోంచి ఆ నంబరు తొలగించండి. కారు మెమరీలోంచి ఫోన్ జత, గ్యారేజీ తలుపు బటన్, ఇంటి చిరునామా చెరిపేయండి. నంబరు ప్లేట్ల నియమం రాష్ట్రానికో రకం: కాలిఫోర్నియాలో మామూలు ప్లేట్లు కారుతోనే ఉంటాయి, న్యూజెర్సీలో విప్పేయాలి, కొత్త కారుకు మార్చుకోకపోతే మోటార్ వెహికల్ కమిషన్‌కు అప్పగించాలి. పాత కారు అధికారికంగా అప్పగించేదాకా దాని ఇన్సూరెన్స్ ఆపకండి. చివరి బిల్లు వచ్చి, ఖాతా మూసినట్టు లేఖ అందేదాకా ఆ రసీదు, ఫొటోలు దాచి ఉంచండి.