కేజ్డ్ మందు వయల్ తెరిచేముందు
ఎండాకాలం ప్రాజెక్టులు దగ్గరపడ్డాయి. శ్రీకాకుళం, ఆమదాలవలస నుంచి ల్యాబులకు వెళ్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కణాల్లో వెలుగుతో ఐపీ3 (కణంలో కాల్షియం విడుదల చేయించే సంకేత అణువు), ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) లాంటివి విడుదల చేసే పని మీకు పడితే ముందు ఇవి చూసుకోండి. కేజ్డ్ మందు అంటే ఇలాంటి అణువునే, వెలుగు పడి విడిపోయేదాకా పనిచేయకుండా కట్టేసి ఉంచినది.

- ముందు ట్యూబ్ లైట్లు ఆపి కర్టెన్ వేయండి, తర్వాతే వయల్ తీయండి. మన వైపు పొద్దున్నే ఎండ బల్ల మీదకి వచ్చేస్తుంది, అందులోని అతినీలలోహిత కాంతికి మందు కొంచెం ముందే విడిపోయినా కణాలు దానికి అలవాటుపడి, అసలు ఫ్లాష్ (మందును విడిపించే గట్టి కాంతి) వేసినప్పుడు సరిగా స్పందించకపోవచ్చు. నాకు వారం పని ఇలాగే పోయింది, చాలా బాధపడ్డాను. ఎర్ర లైటు పెట్టుకోండి.

- కాల్షియం డై (కణంలో కాల్షియం మార్పును వెలుగుతో చూపే రంగు) ఏదో అడగండి. ఫ్యూరా-2ని 340, 380 నానోమీటర్ల కాంతితో చూస్తారు, నైట్రోబెంజైల్ అనే గ్రూపుతో కట్టేసిన కేజ్డ్ మందులు విడిపోయేదీ ఆ చుట్టుపక్కలే. అంటే మీరు చూస్తుంటేనే మందు విడుదలైపోతుంది. 488 నానోమీటర్ల దగ్గర పనిచేసే ఫ్లూఓ-4 అనే డై నయం.

- మందు లేకుండా ఫ్లాష్, ఫ్లాష్ లేకుండా మందు, రెండు కంట్రోళ్లూ అదే రోజు చేయండి. గట్టి కాంతి ఒక్కటే కణాన్ని కదిలించగలదు.

- కేజ్డ్ ఏటీపీ అయితే గ్లూటాథయోన్ గానీ డీటీటీ గానీ కలపాలా అని మీ గైడ్‌ని అడగండి. విడుదలయ్యాక మిగిలే నైట్రోసో పదార్థం ప్రోటీన్ల థయోల్ (గంధకం ఉన్న) గ్రూపులకు అంటుకుంటుంది; ఈ రెండిటిలోనూ థయోల్ ఉంటుంది కాబట్టి అవి దాన్ని ముందే పట్టేస్తాయి.

- ఒక్కో రోజుకి సరిపడా చిన్న ట్యూబుల్లో పోసి, రేకు చుట్టి ఫ్రీజర్లో పెట్టండి. కరెంటు పోయి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించి వాడొద్దు.