పులిహోరకు 1950ల వంటల పుస్తకపు ఫొటో

1950వ దశకపు అమెరికన్ వంటల పుస్తకాల్లో రంగుల ఫొటోలు నున్నటి కాగితంపై విడిగా అచ్చయ్యేవి. రంగుల ముద్రణ ఖరీదైన పని కనుక అటువంటి పుటలు కొన్నే ఉండేవి. ఒక్కొక్క దానిలో పలు వంటకాలను ఇరికించేవారు. మన పులిహోర ఫొటోకు ఆ రూపం కావాలంటే పళ్ళెం చుట్టూ ఖాళీ వదలకూడదు.

విశాఖలో తూర్పు కిటికీ ఉన్నవారికి పని సులువు. ఉదయం 8 గంటల ప్రాంతంలో సముద్రం వైపు నుంచి వచ్చే ఎండను, తెర అడ్డం లేకుండా, ఒక పక్కగా పళ్ళెంపై పడనివ్వాలి. నీడల అంచులు స్పష్టంగా ఉండాలి. మరీ నల్లబడితే ఎదుటివైపు తెల్ల అట్ట నిలబెడితే చాలు. ముసురు పట్టిన రోజున షేడ్ తీసేసిన టేబుల్ ల్యాంపు వాడవచ్చు. నాటి స్టూడియోల్లో దీపాల వేడికి వంటకం వాడిపోయేది కనుక, వెలుతురు సరిచూసుకునేంతసేపు మారు పళ్ళెం ఒకటి ఉంచి, అసలు వంటకాన్ని చివరి క్షణంలో తెచ్చేవారు. మనం ఆ మారు పళ్ళానికి రాత్రి మిగిలిన అన్నం వాడుకోవచ్చు. తాలింపులో కరివేపాకు రంగు మారుతుంది కాబట్టి, ఫొటో కోసం పచ్చి రెబ్బలు రెండు పైన పెట్టాలి.

పళ్ళెం పింగాణీదై ఉండాలి. నేను మొదట స్టీలు పళ్ళెంలో తీస్తే కిటికీ ఊచలన్నీ అందులో కనిపించాయి. పసుపు రంగు ఎగసి కనబడేందుకు కింద నీలం గళ్ళ గుడ్డ పరచి, పక్కన ఎర్రటి ఏటికొప్పాక లక్క భరిణె ఒకటి ఉంచాలి.

అసలు కిటుకు ఫోకస్‌లో ఉంది. ఆనాటి ఫొటోగ్రాఫర్లు పెద్ద ఫిల్ము కెమెరాల అపెర్చరును (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) బాగా తగ్గించి, ఫిల్ముపై ఎక్కువసేపు వెలుతురు పడనిచ్చేవారు. అందుకే ముందున్న జీడిపప్పూ వెనకున్న గుడ్డా ఒకేలా స్పష్టంగా వచ్చేవి. ఫోన్‌లో వెనక భాగాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్‌ను తీసేసి, మూడు నాలుగు అడుగులు వెనక్కి జరిగి, 2 రెట్ల జూమ్‌తో కాస్త పైనుంచి తీయాలి.

బొమ్మ గీసేవారికి 1958లో వచ్చిన ఒక బెట్టీ క్రాకర్ (అమెరికన్ ఆహార బ్రాండు) వంటల పుస్తకానికి చిత్రకారుడు చార్లీ హార్పర్ వేసిన బొమ్మలు మంచి పాఠం: వృత్తాలు, త్రికోణాలే కూరగాయలవుతాయి. మిరపకాయను నల్ల సిరాతో గీసి, ఎరుపును గీతకు 1 మిల్లీమీటరు పక్కకు జరిపి పూస్తే పాత అచ్చులో రంగు తప్పినట్టే కనిపిస్తుంది.