ఐవీఎఫ్‌కి ముందు క్యారియోటైప్ పరీక్షా? ఈ జాగ్రత్తలు

• క్యారియోటైప్ అంటే రక్తకణాల్లోని క్రోమోజోముల (జన్యువులుండే పోగుల) లెక్క, ఆకారం చూసే పరీక్ష. దీనికి రక్తం భార్యాభర్తలిద్దరూ ఇవ్వాలి. లోపం అమ్మాయిదే అనుకుని భార్యను ఒక్కదాన్నే పంపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి అలా చేయకండి.

• పరగడుపున వెళ్లక్కర్లేదు. ఈమధ్య రక్తం ఎక్కించుకుంటే మాత్రం ముందే చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులో తీస్తారు. కణాలు బతికుండాలి, వాటిని పెంచాకే క్రోమోజోములు కనిపిస్తాయి. రిపోర్టుకు వారాలు పడుతుంది కాబట్టి ఐవీఎఫ్ తేదీ ఆ తర్వాతే పెట్టుకోండి.

• క్రోమోజోముల లెక్క మామూలుగా ఉండే 46 బదులు 45 అని వస్తే హడలిపోకండి. ఒక 13వ క్రోమోజోమ్, ఒక 14వది అతుక్కుని ఉన్నా లెక్క 45 అవుతుంది. మనిషి ఆరోగ్యంగానే ఉంటారు. చిక్కంతా పిండం దగ్గరే: దానికి ఒక క్రోమోజోమ్ ఎక్కువో తక్కువో వెళ్తే గర్భం నిలవకపోవచ్చు. అప్పుడు పిండాన్ని పరీక్షించి గర్భంలో పెట్టే పద్ధతి గురించి అడగండి.

• 'ఇన్‌వర్షన్ 9' అంటే 9వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క తిరగబడి ఉండటం. ఇది మామూలుగా కనిపించే తేడా. దాని పేరు చెప్పి ఖరీదైన పరీక్షలు రాస్తే, ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ని (జన్యు పరీక్షల గురించి సలహా ఇచ్చే నిపుణుల్ని) కలవండి.

• వీర్యకణాలు అసలే లేకపోతే వై క్రోమోజోమ్ మైక్రోడిలీషన్ పరీక్ష (మగవారిలో ఉండే వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్కలు లోపించాయేమో చూసేది) కూడా చేయించాలి.

• పాత అబార్షన్ల కాగితాలన్నీ తీసుకెళ్లండి.

• పిండం ఆడా, మగా అని అడగకండి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం.