ఇరుక్కుపోయిన లారీ క్లచ్ విడిపించే ముందు జాగ్రత్తలు

తాడిపత్రి బండల యార్డుల్లో నెలల తరబడి నిలిపేసిన పాత లారీకి వానలు పోయాక క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) అతుక్కుంటుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఇంజన్ తిరుగుతుంటే గేరు మాత్రం కరకరమంటూ పడదు.

• చెయ్యి పెట్టేముందు క్యాబిన్లో, టైర్ల కింద కర్రతో తట్టండి. తేళ్లు, పాములు చేరుంటాయి.

• ఇంజన్ ఆపి ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు కింద ఫోర్క్ లివర్ (పెడల్ తొక్కితే కదిలి క్లచ్‌ను విడదీసే చెయ్యి) చూడాలి. అది కదలకపోతే తప్పు ప్లేటుది కాదు, పెడల్ నుంచి లివర్‌కు బలం చేర్చే క్లచ్ సిలిండర్‌దో లింకేజీదో.

• గేరులో సెల్ఫ్ (స్టార్టర్) కొట్టి, క్లచ్ తొక్కిపట్టి బ్రేకు వేసి విడిపించాలనుకుంటే అన్నిటికన్నా ముఖ్యం గాలి. నిలిపిన బండి ట్యాంకులో గాలి దిగిపోయుంటుంది, ఎయిర్ బ్రేకు పట్టదు. న్యూట్రల్‌లో నడిపి, గేజి 6 కేజీలు దాటాక బ్రేకు తొక్కి చూడండి. స్టాప్ కేబుల్ (ఇంజన్ ఆపే తీగ) లాగితే ఇంజన్ ఆగుతోందా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. అతుక్కున్న క్లచ్‌తో గేరులో సెల్ఫ్ కొడితే బండి ఆ క్షణమే ముందుకు దూకుతుంది. ఎదురుగా మనిషి గానీ, నిలబెట్టిన బండలు గానీ ఉండకూడదు.

• అలా గేరులో సెల్ఫ్ కొట్టేకన్నా ముందు ఇది చేయండి: ఇంజన్ వేడెక్కించి ఆపి, పెడల్ అడుగంటా తొక్కి, పెడల్‌కూ సీటు ఫ్రేముకూ మధ్య చెక్క బిగించి రాత్రంతా వదిలేయండి. చాలాసార్లు టక్కుమని అదే విడుతుంది.

• బెల్ హౌసింగ్‌లో (క్లచ్‌ను కప్పి ఉండే డబ్బా) డీజిల్ పోయొద్దు. ప్లేటు మీది రాపిడి పొర, అంటే లైనింగ్, దాన్ని తాగితే ప్లేటు జారుతుంది, మార్చక తప్పదు.

• గేర్‌బాక్స్ దించితే దుమ్మును గాలితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.