డెస్క్‌టాప్‌కి వైఫై కార్డు కొనేముందు ఫోను తీసుకెళ్లి సీపీయూ వెనక పెట్టి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మేముండే అద్దింట్లో రౌటరు హాల్లో గుమ్మం పక్కన, నా కంప్యూటరు చివరి గదిలో, మధ్యలో రెండు గోడలు. ల్యాన్ వైరు లాగుదామంటే ఓనరుగారు గోడకి మేకే కొట్టనివ్వరు, ఇక చిల్లు పెడతామని ఏ మొహంతో అడుగుతాం? మీకు వైరు లాగే వీలుంటే మాత్రం ఇది చదవడం ఆపేసి వైరే లాగించుకోండి, దాని ముందు ఏ వైఫై కార్డూ నిలవదు. వీలు లేనివాళ్లకి, రెండుసార్లు డబ్బులు తగలేసి నేను నేర్చుకున్నది చెప్తాను.

షాపుకి బయల్దేరకముందే చేయాల్సిన పని ఒకటుంది. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్ల (రేడియో దారుల) మీద సిగ్నల్ ఇస్తాయి. ఫోన్లో రౌటరు 5 గిగాహెర్ట్జ్ పేరుకి కనెక్టయి, ఫోను తీసుకెళ్లి సరిగ్గా సీపీయూ వెనక పెట్టి స్పీడ్ టెస్ట్ కొట్టండి. మీ ప్లాను 100 ఎంబీపీఎస్ అయితే, అక్కడ 90 దాకా వచ్చిందంటే ఏ మామూలు కార్డయినా సరిపోతుంది. అక్కడ 15, 20 దగ్గరే కొట్టుకుంటుంటే కార్డు మీద వేలు పోయకండి, ముందు రౌటరు జాగా మార్చండి. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే సత్తా తక్కువ, 2.4 గోడలు దాటుతుంది గానీ అపార్ట్‌మెంట్లలో పక్కిళ్ల రౌటర్లన్నీ దాని మీదే పడుంటాయి. అందుకే 2.4 మాత్రమే పట్టే చవక డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే వైఫై ముక్క) జోలికి పోవద్దు. నా మొదటి డబ్బులు పోయింది దాని మీదే.

తర్వాత మదర్‌బోర్డు సంగతి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని కొడితే బోర్డు మోడల్ కనిపిస్తుంది, లేదా పక్క మూత తీసి చూసుకోవచ్చు. చిన్న పీసీఐఈ స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే గాడి) ఒకటి ఖాళీగా ఉంటే చాలు. చిన్నది లేకపోతే అదే కార్డు పొడవాటి స్లాట్‌లోనూ పనిచేస్తుంది. చాలామంది చూసుకోనిది ఏంటంటే, లావుపాటి గ్రాఫిక్స్ కార్డు ఆ చిన్న స్లాట్‌ని కప్పేస్తుంది, స్లాట్ ఉన్నా కార్డు దూరదు. కొన్ని బోర్డుల మీద వైఫై కోసమే కీ ఈ (Key E) అనే ఎం.2 స్లాట్, అంటే చిన్న కార్డులు పట్టే ఇంకో రకం గాడి, ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ కీ ఎం (Key M), అది వేరు, అందులో వైఫై కార్డు పట్టదు.

ఇప్పుడు వైఫై కార్డు మీదుండే చిప్పు. నా రెండో దెబ్బ ఇక్కడే. ఇంటెల్ ఏఎక్స్201 చవగ్గా దొరికిందని ఆన్‌లైన్‌లో తెప్పించాను, నాదేమో ఏఎమ్‌డీ కంప్యూటరు. పెట్టాక కార్డున్నట్టే కనిపించలేదు. తప్పు కార్డుది కాదు, చదవకుండా కొన్న నాది: చివర 1 ఉన్న ఏఎక్స్201, ఏఎక్స్211 సగం పని మదర్‌బోర్డు మీది ఇంటెల్ చిప్‌సెట్‌తోనే చేయించుకుంటాయి, దానికి తగ్గ ఇంటెల్ బోర్డు లేకపోతే అవి దండగ. చివర 0 ఉన్న ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐఈ కార్డులు, ఇంటెల్, ఏఎమ్‌డీ రెండింటిలోనూ నడుస్తాయి. ఒక్క అంకె తేడా!

డబ్బా మీద ఏఎక్స్3000 అని రాసుంటే 3000 ఎంబీపీఎస్ వస్తుందనుకోకండి. అది 5 గిగాహెర్ట్జ్ మీద 2402, 2.4 మీద 574 కలిపి పైకి సర్దిన లెక్క. ఒక సమయంలో మీరు వాడేది ఒక బ్యాండే. పైగా ఆ 2402 రావాలంటే రౌటరు కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ ఇవ్వాలి. 100 ఎంబీపీఎస్ ప్లానుకి అంతకుముందు తరం ఏసీ1200 కార్డే ఎక్కువ.

నన్నడిగితే అంకె కంటే యాంటెన్నా ముఖ్యం. సీపీయూ డబ్బా ఇనుము, దాని వెనక పుల్లల్లాంటి యాంటెన్నాలు, ఆ వెనక గోడ: సిగ్నల్ ఎటు నుంచి రావాలి? వైరుతో అయస్కాంతం దిమ్మ ఉన్న యాంటెన్నా వచ్చే కార్డు తీసుకుని, దాన్ని టేబుల్ మీద పెట్టుకోండి. యూఎస్‌బీ అడాప్టరే కొంటే దానికీ ఒక ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించండి, యూఎస్‌బీ 3 పోర్టుల దగ్గర పుట్టే రేడియో రొద 2.4 సిగ్నల్‌ని పాడుచేస్తుంది.

బిగించేటప్పుడు ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదిలి, ఇనుప డబ్బాని చేత్తో తాకి మొదలుపెట్టండి. కార్డుతో వచ్చే సన్నవైరుని పారేయొద్దు. వైఫై పీసీఐఈ మీద నడుస్తుంది, బ్లూటూత్ మాత్రం యూఎస్‌బీ మీద, అందుకే ఆ వైరుని మదర్‌బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ 2 హెడర్‌కి (పిన్నుల గుత్తికి) తగిలించాలి. అది వదిలేసి బ్లూటూత్ చెడిపోయిందని వాపసు ఇచ్చేవాళ్లున్నారు.

విండోస్ కార్డుని గుర్తుపట్టకపోతే టెన్షన్ పడకండి, ఫోనుని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) దింపుకోవచ్చు. ఆ తర్వాత వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ బ్యాండ్ ఎదురుగా 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో చూడండి. 2.4 చూపిస్తుంటే డివైస్ మేనేజర్‌లో కార్డు మీద డబుల్ క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ ఉంటే 5కి మార్చి, మళ్లీ కనెక్ట్ చేయండి.